మాకు నిమ్మరసం ఇవ్వవద్దని మనవి

గచ్చిబౌలి,
14 మార్చి 2011.

విద్యార్థి సంక్షేమ డీన్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నిశ్శబ్ద పఠన సంఘానికి గుర్తింపునిచ్చి, గ్రంథాలయ అనుబంధ భవనంలోని తొమ్మిదో గది తాళంచెవి ఇప్పించుట గురించి, మరియు మేము ఎన్నడూ చేయని దీక్షను విరమించినట్లు తమ కార్యాలయం చేసిన నమోదును రద్దుపరచుట గురించి.

ఈ ఉదయం తొమ్మిదో గది కిటికీ గట్టు మీద పిండేసిన నిమ్మచెక్క ఒకటి కనబడింది. రెండు వారాలుగా అక్కడే ఎండి, అంచులు లోపలికి ముడుచుకుని గట్టిపడి ఉంది. గ్రంథాలయం ఊడ్చే కమలమ్మ దాన్ని చీపురుతో తోసేయబోతే వద్దన్నాను. మా దగ్గర ఉన్న సాక్ష్యం అదొక్కటే. పాలిథిన్ కవరులో పెట్టి ఈ అర్జీకి జతపరచడమైనది.

నేను ఎం.ఏ. ఇంగ్లిష్ రెండో సంవత్సరం విద్యార్థినిని. మా సంఘం ఆశయం ఒక్క వాక్యం: రోజుకు రెండు గంటలు కొందరు ఒకచోట కూర్చుని, ఎవరి పుస్తకం వారు, మాట్లాడకుండా చదువుకోవడం. దరఖాస్తు ఫారంలో ఆశయాలకు ఇరవై గీతలు ఇచ్చారు. పంతొమ్మిది ఖాళీగా వదిలాను. అది ధిక్కారం కాదు. రాయడానికి ఇంకేమీ లేదు.

గ్రంథాలయంలోనే చదువుకోవచ్చు కదా అని తమరు అడగవచ్చు. హాలులో సగం కంప్యూటర్లకు పోయింది. మిగిలిన సగంలో క్యాంపస్ ఇంటర్వ్యూలకు హైటెక్ సిటీ నుంచి వచ్చే కంపెనీల వారు కూర్చుంటున్నారు. తొమ్మిదో గది పాత పత్రికల గది, ఖాళీగా ఉంది. మార్చి 31 లోగా గుర్తింపు పొందిన సంఘం ఏదీ దాన్ని తీసుకోకపోతే గ్రూప్ డిస్కషన్ గదిగా మార్చి మైకులు బిగిస్తారని నోటీసు బోర్డులో ఉంది. క్యాంపస్‌లో మాటలు వినబడని గది ఇక అదొక్కటే. ఈ అర్జీ అంతా ఆ గది కోసం. మాకు ఎదురైన ఇబ్బందులు ఈ దిగువ మనవి చేసుకుంటున్నాను.

1. నిబంధన నాలుగు ప్రకారం కొత్త సంఘం వ్యవస్థాపక సభ్యులు పదకొండు మంది వరుసగా ఆరు పనిదినాలు ఒకేచోట సమావేశమై హాజరు పుస్తకంలో సంతకాలు చేయాలి. ఈ నిబంధన కింద తమ సంతకం ఉంది. నూట నలభై నాలుగో సెక్షను అమల్లో ఉన్నందున ఐదుగురు గానీ అంతకు మించి గానీ క్యాంపస్‌లో ఒకచోట చేరరాదని ఫిబ్రవరి 17న నోటీసు వచ్చింది. దాని కిందా తమ సంతకమే ఉంది. రెండు కాగితాలూ ఒకే బోర్డు మీద, ఒకే గుండుసూదికి ఉన్నాయి.

2. దారి చూపించమని తమ కార్యాలయానికి వచ్చాను. సీనియర్ అసిస్టెంటు రామచంద్రం గారు సీట్లోనే ఉన్నారు. తెలంగాణ ఉద్యమపు సహాయ నిరాకరణ రోజులు కాబట్టి సిబ్బంది అంతా వేళకు వచ్చి, సాయంత్రం దాకా ఉండి, పని చేయకుండా వెళ్లేవారు. ఇందులో వారిని తప్పు పట్టడం లేదు. ఆయన నాకు టీ ఇప్పించి, నా సమస్య మొదటి నుంచి చివరి దాకా విన్నారు. ఆ ఆఫీసులో అంతకుముందు నా మాట ఎవరూ అంత ఓపికగా వినలేదు. విన్నాక, "పెన్ను ముట్టను బిడ్డా. నోటితోని చెప్తే అది పని కిందికి రాదు," అన్నారు.

పరిష్కారం నోటితోనే చెప్పారు. నలుగురు, నలుగురు, ముగ్గురుగా వంతులవారీగా కూర్చుంటే సెక్షనుకు భంగం లేదు, మొత్తం పదకొండే అవుతుంది. అయితే ఒక గుంపు లేస్తుండగానే తర్వాతి గుంపు కూర్చోవాలి. మధ్యలో ఖాళీ వస్తే సమావేశం ముగిసినట్టే లెక్క.

దరఖాస్తును ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కించే పని మిగిలింది. ఆయన పెన్ను ముట్టరు కనుక రిజిస్టరు నా వైపు తిప్పారు. ఆయన చెబుతుంటే నేను రాశాను. పైన ఇరవై ఆరు నమోదులూ ఉద్యమ జేఏసీలవే: విద్యార్థి జేఏసీ, బోధనేతర సిబ్బంది జేఏసీ, మెస్ కార్మికుల జేఏసీ. ఆయన అలవాటుగా "నిశ్శబ్ద పఠన జేఏసీ" అని చెప్పారు. నేనూ అలవాటుగా చెప్పినట్టే రాశాను. ఆ చేతిరాత నాదేనని ఒప్పుకుంటున్నాను. మా కాన్వెంటులో తెలుగులో మాట్లాడితే బెంచీ ఎక్కించేవారు, ఇంగ్లిష్‌లో తప్పు మాట్లాడితే క్లాసంతా నవ్వేది. పెద్దవాళ్లను సరిదిద్దడం నాకు ఏ భాషలోనూ రాదు.

3. గుర్తింపు లేనిదే గది తాళం తీయరు. కాబట్టి ఫిబ్రవరి 21 సోమవారం ఉదయం పదింటికి గది ముందరి వరండాలో కూర్చున్నాము. మొదటి గుంపులో నేను, కూకట్‌పల్లి నుంచి వచ్చే ప్రశాంతి, ఇంకో ఇద్దరు. గ్రంథాలయ నిబంధన ప్రకారం అక్కడ ఏమీ తినకూడదు, తాగకూడదు. మా నిబంధన ప్రకారం మాట్లాడకూడదు. మాట్లాడిన వారికి ఆ రోజు హాజరు పోతుంది. పన్నెండింటికి మేము లేచాము, మరో నలుగురు కూర్చున్నారు. రెండింటికి వారు లేచారు, ముగ్గురు కూర్చున్నారు.

చూసేవారికి అది ఎలా కనబడి ఉంటుందో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. ఊరూరా రిలే నిరాహార దీక్షలు నడుస్తున్న నెల అది. నలుగురు లేచిన చోట నలుగురు కూర్చోవడానికి ఇంకో అర్థం ఎవరికీ తట్టలేదు.

మంగళవారం మేము వచ్చేసరికి వరండాలో జంఖానా పరిచి ఉంది. మమ్మల్ని లెక్కపెట్టడానికి నర్సింహ గారనే కానిస్టేబుల్‌ను వేశారు. ఆయన గంటకోసారి లెక్కపెట్టేవారు, నలుగురమే వచ్చేవాళ్లం. మా పక్కన కూర్చోమని కుర్చీ చూపిస్తే, తాను కూర్చుంటే ఐదుగురవుతారని ఆ ఐదు రోజులూ నిలబడే ఉన్నారు. బుధవారానికి షామియానా కూడా వేశారు. స్తంభానికి 'రిలే దీక్ష 3వ రోజు' అని బోర్డు కట్టారు. రోజుల లెక్క సరిగ్గానే ఉంది. నీడ బాగుందని సభ్యులు అనుకోవడం వల్ల ఆ రోజు అభ్యంతరం తెలుపలేదు. ఇది మా రెండో తప్పు.

4. అదే బుధవారం పదకొండింటికి విద్యార్థి జేఏసీ కన్వీనర్ మహేందర్ గారు సంఘీభావం తెలపడానికి వచ్చారు. ఆయన చరిత్ర శాఖలో పరిశోధక విద్యార్థి, మంచి వక్త. వెంట నలభై మంది ఉన్నారు. మా నలుగురి మెడలో బంతిపూల దండలు వేశారు. పేజీ కనబడక నా దండను కొంచెం పక్కకు జరుపుకున్నాను. ఆయన దాన్ని వినయం అనుకున్నారు.

"తిండి లేదు, మాట లేదు, ఆఖరికి మైకు కూడ అడుగలే. గిట్ల కొట్లాడేటోళ్లను నేనైతే సూడలే," అని వచ్చిన వారితో అన్నారు.

నోరు తెరిస్తే హాజరు పోతుంది కనుక చీటీ రాసి ఆయన చేతికిచ్చాను. 'మేము దీక్షలో లేము. చదువుకుంటున్నాము.' ఆయన అది రెండుసార్లు చదివారు. స్తంభం పక్కన ఉన్న నర్సింహ గారి వైపు చూశారు. తర్వాత చీటీ మడిచి జేబులో పెట్టుకుని, నా వైపు చూసి తల ఊపారు. పోలీసులు దగ్గర ఉన్నారని ఇలా రాశామనీ, అరెస్టు కాకుండా ఇది మంచి ఉపాయమనీ ఆయన తన వారికి చెప్పినట్లు తర్వాత తెలిసింది. సాయంత్రానికి క్యాంపస్‌లోని ప్రతి దీక్షా శిబిరంలో ఒక్కొక్కరి ముందు ఒక్కో పుస్తకం ఉంది. పోలీసులు అడిగితే అందరూ ఒకటే జవాబు: మేము దీక్షలో లేము, చదువుకుంటున్నాము. ఆ ఒక్కరోజే గ్రంథాలయం నుంచి నూట పది పుస్తకాలు బయటికి వెళ్లాయని, ఇరవై ఏళ్లలో ఇన్నెప్పుడూ వెళ్లలేదని లైబ్రేరియన్ రామబ్రహ్మం గారు చాలా సంతోషించారు.

5. గురువారం సమైక్యవాద విద్యార్థులు వచ్చారు. ప్రశాంతి వాళ్లది కృష్ణా జిల్లా. తెలంగాణ వారి పక్కన ఆమె కూర్చుంది కాబట్టి ఇది రెండు ప్రాంతాల ఐక్యత కోసం చేస్తున్న దీక్ష అని వారు తేల్చారు. షామియానాకు రెండో వైపు వారి బ్యానరు కట్టారు. మా మౌనం ఎవరి పక్షమన్న దానిపై ఇరుపక్షాలకూ మాటా మాటా పెరిగింది. చివరికి ప్రశాంతినే అడిగారు. ఆమె పేజీ తిప్పింది. ఇరుపక్షాలూ దాన్ని తమకే అనుకూలంగా తీసుకున్నాయి.

మా ముఖాలు చూస్తే నిజం తెలిసిపోతుందని ఎవరో అన్నారు. అప్పుడు రెండు పక్షాల వారూ మాకు ఎదురుగా కూర్చుని మమ్మల్నే చూస్తూ ఉండిపోయారు. అరవై మంది. నలభై నిమిషాలు. ఒక్క మాట లేదు. మా సంఘం ఆశయం పూర్తిగా నెరవేరిన సమావేశం ఇప్పటిదాకా అదొక్కటే. నేను ఆ నలభై నిమిషాల్లో ఇరవై ఏడు పేజీలు చదివాను.

6. ఆరోగ్య కేంద్రం వైద్యురాలు బుధవారం, శుక్రవారం వచ్చి దీక్షాపరులకు చేసినట్లే మాకూ బీపీ చూశారు, బరువు తూచారు. బరువు యంత్రం ఎక్కబోమని చెప్పాలన్నా మాట్లాడాలి. అందుచేత ఎక్కాము. శుక్రవారం సాయంత్రం నోటీసు బోర్డులో బులెటిన్ పెట్టారు: 'నలుగురి ఆరోగ్యం నిలకడగా ఉన్నది. నీరసం లక్షణాలు లేవు. ఒకరి బరువు ఏడు వందల గ్రాములు పెరిగినది.'

ఆ ఒకరు నేనే. మా వంతు పన్నెండింటికి అయిపోగానే ప్రశాంతి వాళ్లమ్మగారు పంపే పులిహోర గ్రంథాలయం వెనక మెట్ల మీద కూర్చుని తినేవాళ్లం. దాచి తినలేదు. కమలమ్మ కూడా మాతోనే తినేది. మొదటి రోజు నుంచీ మమ్మల్ని ఉన్నది ఉన్నట్టుగా చూసిన మనిషి ఆమె ఒక్కతే. మేము ఏం చేస్తున్నామని నర్సింహ గారు అడిగితే, "సదువుకునే పిల్లలు సదువుకుంటున్నరు. గంతే గద సారు," అని చెప్పిందట. ఆయన అదే రిపోర్టులో రాసి పంపితే, సరిగా విచారించి మళ్లీ రాయమని స్టేషన్ నుంచి వెనక్కి వచ్చిందట.

7. శనివారం ఆరో రోజు. ఆ ఒక్కరోజు పూర్తయితే నిబంధన నెరవేరేది. పదిన్నరకు మహేందర్ గారు ఒక్కరే వచ్చారు. చేతిలో బులెటిన్ ఉంది. జంఖానా అంచున కూర్చున్నారు.

"ఏంది చెల్లే గిది," అన్నారు. "దీక్షల కూసుంటే బరువు తగ్గుతది గాని పెరుగుడేంది. నా ఇజ్జత్ ఏం గావాలె?"

కోపంగా అని ఉంటే ఇంకో చీటీ రాసిచ్చేదాన్ని. ఆయన మెల్లగా అడిగారు. మెల్లగా అడిగినవారి చేతిలో చీటీ పెట్టడం మర్యాదగా తోచలేదు. నా హాజరు పోతుందని తెలిసే నోరు తెరిచాను.

"మేం దీక్షలో లేమన్నా. చదువుకుంటున్నాం. చీటీలో అదే రాశాను."

ఆయన జేబులోంచి ఆ చీటీ తీశారు. మళ్లీ చదివారు.

"ఉత్తగనే సదువుకుంటున్నరా?"

"అవునన్నా."

"దేని కోసం?"

నేను పేజీలో వేలు ఉంచి పుస్తకం మూశాను. ఆయన కాసేపు మా పుస్తకాల వైపు చూశారు. తాను పుస్తకం తెరిచి పద్నాలుగు నెలలైందని చెప్పారు. థీసిస్ మూడో అధ్యాయం మధ్యలో ఆగి ఉందట. ఆ కాగితాలున్న అటకే ఇప్పుడు జెండాలకూ వాడుతున్నారట.

అయితే షామియానా విప్పించమని నేను అడిగినప్పుడు మాత్రం కుదరదన్నారు. "అట్ల నడువది చెల్లే. అందరు సూసిన్రు, దండలేసిన్రు. ఊకనే లేస్తే ఓడిపోయినట్టయితది. విరమించాలె. పెద్దమనిషి రావాలె, నిమ్మరసం తాగియ్యాలె. అప్పుడు ఇజ్జత్‌తోని లేస్తరు." చేయని దీక్షను ఎలా విరమిస్తామని ప్రశాంతి అడిగింది. ఆమె హాజరు కూడా అక్కడితో పోయింది. చేసినా చేయకున్నా విరమణ మాత్రం ఒకే తీరుగా ఉంటుందని ఆయన ఓపికగా చెప్పారు.

పెద్దమనిషిగా లైబ్రేరియన్ రామబ్రహ్మం గారు వచ్చారు. వరండాలో ఏమీ తాగరాదని బోర్డు రాయించినది ఆయనే. ఆ బోర్డు కిందనే నలుగురికీ స్వయంగా గ్లాసులు అందించారు. మేము తాగాము. ఫొటోలు తీశారు, చప్పట్లు కొట్టారు. పదకొండింటికల్లా షామియానా విప్పి, జంఖానా చుట్టి, దీక్షా స్థలం ఖాళీ అయిందని ఆ రోజుకు వరండా గేటుకు తాళం వేశారు. పన్నెండింటికి కూర్చోవలసిన నలుగురు, రెండింటికి కూర్చోవలసిన ముగ్గురు గేటు బయట నిలబడి వెళ్లిపోయారు. మధ్యలో ఖాళీ వచ్చింది.

8. మార్చి 9న తమ కార్యాలయం నుంచి మెమో అందింది. 'సదరు జేఏసీ తన దీక్షను విరమించుకున్నందున ఫైలు మూసివేయడమైనది.' ఇది ఎవరి పెన్నుతో రాశారో తెలియదు, కానీ సిబ్బంది పెన్నులు పట్టిన మొదటి వారంలోనే రాశారు.

9. ఇంతలో పత్రికలో వచ్చిన నిమ్మరసం ఫొటో చూసి, ప్రగతి నగర్ నుంచి వచ్చే సభ్యురాలిని వాళ్ల నాన్నగారు సంఘం మాన్పించారు. పది మందిమి మిగిలాము. పదకొండో సభ్యులుగా మహేందర్ గారు సంతకం చేశారు. కిందటి మంగళవారం మాతో వరండాలో కూర్చుని అరగంటకే నిద్రపోయారు. గురక మా నిబంధనల్లో మాట కిందికి వస్తుందా అని సభ్యులు చర్చించి, రాదని తీర్మానించారు. బుధవారం మెలకువగా ఉండి ముప్పై పేజీలు చదివారు. వెళ్లేటప్పుడు, ఈ రెండు గంటలు తాను ఇక్కడ ఉన్నట్టు ఎవరికీ చెప్పవద్దన్నారు. తమరికి చెప్పవచ్చా అని అడిగి, అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను.

అయ్యా, మేము ఉద్యమానికి దూరం అని గానీ, దగ్గర అని గానీ ఈ అర్జీలో రాయడం లేదు. మాలో రెండు రకాల వారూ ఉన్నారు. బయట గట్టిగానే వాదించుకుంటారు. ఆ రెండు గంటలు మాత్రం పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు హైటెక్ సిటీ కాల్ సెంటరులో రాత్రంతా ఫోనులో తిట్లు విని, పగలు రెండు గంటలు ఏ గొంతూ వినకుండా ఉండాలని వస్తారు. ఒకరి హాస్టల్ గదిలో తోటి విద్యార్థి ఇంటర్వ్యూ కోసం గోడకు తనను తాను పరిచయం చేసుకుంటూ ఉంటాడు. ప్రశాంతి వాళ్ల ఇంటి పక్కన ఫంక్షన్ హాలు ఉంది. మహేందర్ గారి సంగతి మనవి చేశాను. నా కారణం ఈ అర్జీకి అవసరం లేదు.

కావున తమరు దయతో,

అ) ఇన్‌వర్డు రిజిస్టరు ఇరవై ఏడో నమోదులో 'జేఏసీ' అన్న మాట కొట్టివేయించగలరు. చేతిరాత నాది గనుక, అనుమతిస్తే నేనే కొట్టివేస్తాను.

ఆ) ఐదు రోజుల హాజరును పూర్తిగా, ఆరో రోజు హాజరును నిమ్మరసం వరకు లెక్కలోకి తీసుకోగలరు. అది వీలు కాకపోతే ఇంకొక్క రోజు కూర్చోవడానికి అనుమతించగలరు. నలుగురు నలుగురుగానైనా సరే.

ఇ) ఆ రోజు ఎవరూ మాకు దండలు వేయకుండా, బరువు తూచకుండా, నిమ్మరసం ఇవ్వకుండా ఉత్తర్వులు ఇవ్వగలరు.

ఈ) మార్చి 31 లోగా తొమ్మిదో గది తాళంచెవి ఇప్పించగలరు. మైకులు ఇంకే గదిలోనైనా పెట్టవచ్చు. మాట్లాడకుండా కూర్చోవడానికి ఇంకో గది లేదు.

సంజాయిషీకి పిలిస్తే వస్తాను. కానీ తమ ఎదుట నేను ఇందులో పదో వంతు కూడా చెప్పలేను. అందుకే ఇంత రాయవలసి వచ్చింది. ఒక్కసారి చివరి దాకా చదివి చిత్తగించవలెనని వేడుకుంటూ,

తమ విధేయురాలు,
మ్యాకల సరిత
నిశ్శబ్ద పఠన సంఘం తరఫున

జతపరచినవి: హాజరు పుస్తకం నకలు, బులెటిన్ నకలు, మెమో నకలు, నిమ్మచెక్క ఒకటి.

తా.క.: దరఖాస్తులో ఇంటి చిరునామా గడి ఖాళీగా వదిలానని తమ కార్యాలయం అభ్యంతరం తెలిపింది. నిజమే, కావాలనే వదిలాను. ఇప్పుడు రాస్తున్నాను. కేరాఫ్ మ్యాకల రాజయ్య, వాచ్‌మన్, లేక్ వ్యూ అపార్ట్‌మెంట్స్ సెల్లార్, నల్లగండ్ల. జవాబు తెచ్చేవారు పిలిస్తే లోపలికి వినబడదు, తలుపు గట్టిగా తట్టమని మనవి. పైన నలభై ఎనిమిది ఫ్లాట్లకు నీళ్లెక్కించే మోటారు ఉన్న గదిలోనే మేము నలుగురం ఉంటాము.